విశాఖ నుంచి ప్రకటనల రంగానికి: విభాగం ఎంచుకునే పద్ధతి

ప్రకటనల రంగంలోకి వెళ్లదలచినవారు ముందు విభాగాన్ని తేల్చుకోవాలి. ఏజెన్సీ సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. క్లయింట్ సర్వీసింగ్‌లో ఖాతాదారుతో మాట్లాడి బ్రీఫ్ (ప్రకటన ఎవరికి, ఏం చెప్పాలో తెలిపే సూచన) రాబట్టాలి, క్రియేటివ్‌లో మాటలు రాసే కాపీరైటర్, బొమ్మను తీర్చిదిద్దే ఆర్ట్ డైరెక్టర్ జంటగా పనిచేస్తారు, మీడియా ప్లానింగ్‌లో ఏ పత్రికకు ఎంత, ఏ కూడలికి ఎంత అని డబ్బు పంచాలి.

అయితే మన ఇష్టం అనుకునేదాన్ని చాలాసార్లు ఇతరులే మనచేత ఎంపిక చేయిస్తారు. అమెరికాలో నల్లజాతివారికి ఏజెన్సీల పైస్థాయి ఉద్యోగాలు అందడం లేదన్న ఫిర్యాదు పాతదే. 2006లో న్యూయార్క్ నగర మానవ హక్కుల కమిషన్ విచారణ ఫలితంగా 16 ఏజెన్సీలు నియామకాలలో లక్ష్యాలు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాయి. మన దగ్గర ఎవరు లోపల, ఎవరు బయట అనే అలాంటి గీతను మేనిరంగు, కులం, యాస, ఇంగ్లీషు గీస్తాయి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది గాని, హోర్డింగుల మీది ముఖాలు అంత త్వరగా మారలేదు.

కాబట్టి ఒక సాయంత్రం ద్వారకానగర్ నుంచి జగదాంబ కూడలి దాకా నడిచి, దారిలోని హోర్డింగులను ఫోటో తీసుకోండి. ప్రతిదాని కిందా సరుకు ఎవరికి అమ్ముతున్నారో, బొమ్మలో ఎవరిని నిలబెట్టారో రాయండి. తరువాత ఒక చీరల దుకాణం ప్రకటన తీసుకుని, పూర్ణా మార్కెట్లో బేరమాడే నల్లని మనిషినే అందులో నిలబెట్టి, ఉత్తరాంధ్ర యాసలో ఒక్క వాక్యం రాసి చూడండి. వాక్యం దగ్గరే రాత్రంతా గడిచిపోతే కాపీ మీది; ముఖం, వెలుగు దగ్గర ఆగిపోతే ఆర్ట్ మీది; అసలు ఆ హోర్డింగు ఆ మలుపులోనే ఎందుకు పెట్టారన్న ఆలోచన వదలకపోతే మీడియా వైపు వెళ్లండి. యాస హాస్యపాత్రలకే పనికొస్తుందని చెప్పేవారి మాట పట్టించుకోనక్కరలేదు.

మీ పని నమూనాల సంకలనమైన పోర్ట్‌ఫోలియోలో, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీకి చేసిన నమూనా ఒకటి ఉంచండి. గిరిజన రైతును అందులో అలంకారంగా కాక అమ్మకందారుగా చూపండి.

ఇంటర్వ్యూలో మీరూ అడగవలసినవి ఉన్నాయి: తెలుగు ప్రకటనను మొదటి నుంచీ తెలుగులోనే ఆలోచిస్తారా, హిందీ ప్రకటన చిత్రం పూర్తయ్యాక అనువాదానికి అప్పగిస్తారా, క్రియేటివ్‌లో చిన్న ఊళ్లవారు ఎవరున్నారు? జీతం లేని ఇంటర్న్‌షిప్ మాత్రం ఇంట్లో డబ్బున్నవారికే దక్కే అవకాశం. స్టైపెండ్ ఎంతో, ఎన్ని నెలలో రాతపూర్వకంగా చేతికి వచ్చాకే హైదరాబాదుకు గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్ తీసుకోండి.