సవానాలో పాత ఇంటి బస: గదిని ఎంచుకోవడం, ఇంటిని అర్థం చేసుకోవడం

అమెరికా దక్షిణాదిలో పునరుద్ధరించిన పాత ఇంట్లో ఒకటి రెండు రాత్రులు గడపాలనుకునేవారు జార్జియా రాష్ట్రంలోని సవానాను ముందుగా పరిశీలించాలి. అట్లాంటా నుంచి ఐ-75 జాతీయ రహదారి మీద మేకన్ వరకు, అక్కడి నుంచి ఐ-16 మీద మొత్తం సుమారు 250 మైళ్లు, దాదాపు నాలుగు గంటల ప్రయాణం. అట్లాంటా శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఏదైనా కొత్త చోటు చూపించాలనుకునేవారికి, ఇది ఒక వారాంతంలో ముగిసే యాత్ర. అయితే ఇక్కడి ఇన్‌లలో, అంటే పాత ఇళ్లను మార్చి నడిపే చిన్న బసల్లో, గదులన్నీ ఒకేలా ఉండవు. ఒకే ఇంట్లో రెండు గదుల మధ్య ఎంత తేడా ఉంటుందంటే, ఇంటిని ఎంచుకోవడం కన్నా గదిని ఎంచుకోవడానికే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ముందుగా ఊరి నక్షాను ఒకసారి చూసుకోవడం మంచిది. 1733లో జేమ్స్ ఓగల్‌థార్ప్ నది ఒడ్డున, యమక్రా తెగ నాయకుడు తొమోచీచీ సమ్మతితో ఈ ఊరిని స్థాపించినప్పుడు ప్రతి పేటకూ నడుమ ఒక చదరపు ఖాళీ స్థలం వదిలి, దాని చుట్టూ ఇళ్ల స్థలాలు కొలిచి ఇచ్చారు. ఆ చదరాల సంఖ్య కాలక్రమంలో 24కు పెరిగింది. ఇప్పుడు 22 మిగిలి ఉన్నాయి. నేడు అవన్నీ చెట్లతో నిండిన చిన్న తోటలు. పాత ఇళ్ల ఇన్‌లు చాలావరకు ఈ చదరాల పక్కనో, వాటిని కలిపే వీధుల్లోనో ఉంటాయి. ఉత్తరాన నది, దక్షిణాన 1858 నాటి ఫౌంటెన్ ఉన్న ఫోర్సైత్ పార్కు. ఈ రెంటి మధ్య దూరం సుమారు ఒక మైలు కాబట్టి ఎక్కడ దిగినా నడిచి తిరగవచ్చు. నది పక్కన రివర్ స్ట్రీట్‌లోని పాత పత్తి గిడ్డంగులను మార్చిన హోటళ్లలో దిగితే ఓడలు కనిపిస్తాయి గానీ, రాత్రి పొద్దుపోయేదాకా బార్ల సందడి వినిపిస్తుంది. పైగా బే స్ట్రీట్ నుంచి కిందికి దిగే పాత రాతి మెట్లు నిటారుగా, ఎత్తుపల్లాలుగా ఉంటాయి. వాన రోజున పెద్దవారిని ఆ మెట్ల మీద నడిపించకూడదు. నిశ్శబ్దం కోరుకునేవారికి ఇటుకలు పరచిన జోన్స్ స్ట్రీట్ పరిసరాలు నయం. 1847 నాటి ఎలైజా థాంప్సన్ హౌస్ అనే ఇన్ ఆ వీధిలోనే ఉంది.

ఇక ఇంటి లోపలి అమరిక. సవానాలో చాలా 19వ శతాబ్దపు ఇళ్లకు ముఖద్వారం నేల మట్టంలో ఉండదు. వీధి నుంచి పది పన్నెండు మెట్లు ఎక్కితే వచ్చేది పార్లర్ అంతస్తు. ఇంటి యజమానులు అతిథులను కూర్చోబెట్టిన చోటు కాబట్టి పైకప్పు ఎత్తు, కిటికీలు, నిప్పుగూళ్లు అన్నీ అక్కడే ఘనంగా ఉంటాయి. దాని కింద, వీధి మట్టానికో కొంచెం దిగువకో ఉండే అంతస్తును గార్డెన్ లెవెల్ అంటారు. పేరు వినగానే పూలతోటను ఊహించుకోకండి. చాలా ఇళ్లలో అది ఒకప్పటి వంటిల్లు, సామానుగది, పనివారు మసలిన చోటు. వెలుతురు తక్కువ, పైకప్పు కూడా తక్కువ ఎత్తు. అయినా మెట్లు ఎక్కలేనివారికి తరచూ అదే సరైన గది, వేసవిలో చల్లగానూ ఉంటుంది. పై అంతస్తుల గదులకు వెలుతురు, చెట్ల దృశ్యం దొరుకుతాయి గానీ లిఫ్ట్ లేని ఇళ్లలో సామాను మోసుకుంటూ మూడు అంతస్తులు ఎక్కాలి. పెరట్లోని గుర్రపు బండ్ల షెడ్డును గదులుగా మార్చిన చోట ఏకాంతం ఎక్కువ, పాత ఇంటి వైభవం తక్కువ.

ఈ వివరాలు బుకింగ్ సైట్లలోని ఫొటోల్లో తెలియవు. అందుకే ఇన్‌కు నేరుగా ఫోన్ చేయడం ఉత్తమమని నా గట్టి నమ్మకం. గది ఏ అంతస్తులో ఉంది, వీధి నుంచి గది తలుపు దాకా మొత్తం ఎన్ని మెట్లు, లిఫ్ట్ ఉందా, స్నానానికి షవర్ ఉందా లేక అంచు ఎత్తయిన పాతకాలపు కాళ్ల టబ్బు మాత్రమేనా, మంచం ఎత్తు ఎంత అని అడగండి. మోకాళ్ల నొప్పులున్న తల్లికి ఆ టబ్బులోకి కాలెత్తి దిగడమే రోజూ పెద్ద పరీక్ష అవుతుంది. చారిత్రక కట్టడాల్లో మార్పులకు పరిమితులుంటాయి కాబట్టి, ఆధునిక హోటల్లో ఉన్నట్టే ర్యాంపులు, లిఫ్టులు ఉంటాయని ముందే అనుకోకూడదు. మెట్లు నిజంగా ఇబ్బంది అయితే, చిన్న ఇన్ కన్నా పాత కట్టడంలోనే నడిచే పెద్ద హోటల్ మంచిది. 1851లో మేరీ మార్షల్ కట్టించి, 1999లో తిరిగి తెరిచిన బ్రాటన్ స్ట్రీట్‌లోని మార్షల్ హౌస్ ఆ కోవలోది. అమెరికా అంతర్యుద్ధం చివర్లో యూనియన్ (ఉత్తరాది) సైనికులకు అది ఆసుపత్రిగా పనిచేసింది. పిల్లలతో వెళ్లేవారు వయసు నియమం ముందుగా కనుక్కోవాలి. కొన్ని ఇన్‌లు పెద్దవారికి మాత్రమే గదులు ఇస్తాయి.

డబ్బు లెక్కలోనూ రెండు మూడు విషయాలు చూసుకోవాలి. ప్రకటించిన అద్దెకు పన్నులతో పాటు, 2015 నుంచి జార్జియా రాష్ట్రం వసూలు చేస్తున్న రాత్రికి 5 డాలర్ల రుసుము కలుస్తుంది. వారాంతాల్లో చాలా ఇన్‌లు కనీసం రెండు రాత్రులు ఉండాలంటాయి. రద్దు చేసుకునే గడువు కూడా సాధారణ హోటళ్ల కన్నా ముందే ముగుస్తుంది. గదులు పదో పదిహేనో ఉన్న చోట ఒక్క గది ఖాళీగా మిగిలినా వారికి భారమే. మార్చి 17న వచ్చే ఐరిష్ పండుగ సెయింట్ పాట్రిక్ దినోత్సవానికి ఊరు కిక్కిరిసిపోతుంది. ఉత్సవం కోసమే వెళ్తే తప్ప ఆ వారం తప్పించండి. మార్చి చివర, ఏప్రిల్‌లలో అజేలియాలు పూస్తాయి, వాతావరణమూ హాయిగా ఉంటుంది. జూలై, ఆగస్టులలో ఉక్కపోత మన కోస్తా జిల్లాలకు తీసిపోదు. తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు దాకా కాబట్టి ఆ నెలల్లో డబ్బు వాపసు ఇచ్చే బుకింగే చేసుకోవాలి.

కారుకు చోటు ఉందా అన్నది కూడా ఫోన్‌లోనే అడగాలి. లేకపోతే ఎల్లిస్ స్క్వేర్ కింద ఉన్న విటకర్ స్ట్రీట్ గ్యారేజీ ఒక మార్గం. ఈ స్థలం కథ తెలిస్తే మీరు దిగిన ఇల్లు ఎలా మిగిలిందో అర్థమవుతుంది. 1954లో ఇక్కడి పాత మార్కెట్టును పడగొట్టి కార్ల పార్కింగ్ భవనం కట్టారు. మరుసటి ఏడాది 1820 నాటి డావెన్‌పోర్ట్ ఇంటికీ అదే గతి పట్టబోతుండగా ఏడుగురు మహిళలు డబ్బు కూడగట్టి దాన్ని కొని కాపాడారు; హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా పుట్టింది. కూలిపోయే స్థితిలో ఉన్న ఇళ్లను కొనడం, బాగుచేస్తామని ఒప్పుకున్నవారికే తిరిగి అమ్మడం, వచ్చిన సొమ్ముతో మరో ఇల్లు కొనడం ఆ సంస్థ పద్ధతి. 1966 నాటికి పాత నగరం జాతీయ చారిత్రక ప్రాంతంగా గుర్తింపు పొందింది. ఆ పార్కింగ్ భవనాన్ని కూడా చివరికి తొలగించి, కార్లను నేలకిందికి పంపి, 2010లో చదరాన్ని మళ్లీ తెరిచారు. పన్నెండు గదుల పాత ఇంటిని ఒక కుటుంబం ఈనాడు పోషించడం కష్టం. అతిథులు వస్తూ ఉంటేనే పైకప్పుకు మరమ్మతులు, కిటికీలకు రంగులు సాధ్యమవుతాయి. ఈ కారణంగానే ఇక్కడ ఇన్‌లో దిగడం డబ్బు వృథా కాదని నేను అంటాను.

ఆ ఇంట్లో ఎలా మసలుకోవాలన్నది దీన్నిబట్టే తెలుస్తుంది. పాత పైన్ చెక్క నేలలు ప్రతి అడుగుకూ కిర్రుమంటాయి, గోడల గుండా మాటలు వినిపిస్తాయి. రాత్రి పది తరువాత ఊరికి వీడియో కాల్ చేసేటప్పుడు గొంతు తగ్గించడం మర్యాద. గదిలోకి రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ తీసుకెళ్లవద్దు. చాలా చోట్ల అది నిషిద్ధం, పాత చెక్క ఇంట్లో మంటల ప్రమాదమూ ఎక్కువ. నిప్పుగూడు కనిపించిందని వెలిగించకండి. కొన్ని గ్యాసుతో పనిచేస్తాయి, కొన్ని అలంకారానికే ఉంటాయి.

ఉదయం ఫలహారం సాధారణంగా అద్దెలోనే కలిసి ఉంటుంది. శాకాహారులు బుకింగ్ సమయంలోనే ఆ మాట చెబితే విడిగా వండిపెట్టే చోట్లు ఎక్కువ. మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్ మన జావకు దగ్గరగా ఉంటుంది, వెన్నతోనో చీజ్‌తోనో తినవచ్చు. బిస్కెట్ల (ఇక్కడ ఆ మాటకు మెత్తటి చిన్న రొట్టెలని అర్థం) మీద పోసే తెల్లటి గ్రేవీలో మాత్రం తరచుగా పంది మాంసం సాసేజ్ కలుస్తుంది. బయట తినేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం: టమాటా అన్నంలా కనిపించే సవానా రెడ్ రైస్‌లో బేకన్ వేస్తారు, కొలార్డ్ ఆకుకూరను, చిక్కుళ్లను పొగబెట్టిన పంది మాంసంతో ఉడికిస్తారు. వేయించిన బెండకాయ దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది. మాంసాహారులు జోన్స్ స్ట్రీట్‌లోని మిసెస్ విల్క్స్ డైనింగ్ రూమ్ వరుసలో నిలబడవచ్చు. అక్కడ అపరిచితులంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని గిన్నెలు అందించుకుంటూ తింటారు.

ఆ బెండకాయ అమెరికాకు వచ్చింది బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వల్ల. ఈ ఇళ్ల నిర్మాణమూ చాలావరకు వారి చేతుల మీదుగానే జరిగింది. ఊరంతా కనిపించే సవానా గ్రే ఇటుకలను నది ఒడ్డున ఉన్న హెర్మిటేజ్ ప్లాంటేషన్‌లో బానిసలు చేశారు. 1859 మార్చిలో ఊరి శివారులోని గుర్రపు పందేల మైదానంలో పియర్స్ బట్లర్ అనే భూస్వామికి చెందిన 400 మందికి పైగా మనుషులను రెండు రోజుల్లో వేలం వేశారు. ఆ రోజులను నేటికీ వీపింగ్ టైమ్ (కన్నీళ్ల కాలం) అంటారు. ఇన్‌లో సాయంత్రం పానీయాలు ఇచ్చే వేళ మీకు ఎక్కువగా వినిపించేవి దెయ్యాల కథలు. వాటిని వినండి, కానీ అక్కడితో ఆగకండి. ఈ ఇల్లు ఎవరు కట్టించారు, ఆ డబ్బు ఎక్కడిది, ఇక్కడ పనిచేసినవారు ఏ గదుల్లో పడుకున్నారు అని మర్యాదగా అడగండి. బానిసత్వం రద్దయిన 1865కు ముందు కట్టిన ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు ఒకటి, కొలంబియా స్క్వేర్ మీది 1892 నాటి కీహో హౌస్‌లో మరొకటి. ఐర్లండ్ నుంచి వలస వచ్చి ఇనుప ఫౌండ్రీ నడిపిన విలియం కీహో కట్టించిన ఇల్లది, బయటి అలంకరణంతా పోత ఇనుమే. కొన్ని ఇన్‌లలో చక్కటి సమాచారం ఇస్తారు, కొన్నింట్లో మాట దాటవేస్తారు.

అలా దాటవేసిన చోట సమాధానం కోసం 1819 నాటి ఓవెన్స్-థామస్ హౌస్‌కు వెళ్లాలి. విలియం జే రూపకల్పన చేసిన ఆ భవనంలో గైడ్లు ముందుగా పెరటి వైపున ఉన్న బానిసల నివాసాన్ని చూపిస్తారు. దూలాల మీద వారు పూసిన నీలి రంగు ఇంకా ఉంది. ఫ్రాంక్లిన్ స్క్వేర్ వద్ద ఉన్న ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చిని బానిసలే తమ పని ముగిశాక రాత్రిపూట కట్టుకున్నారు. దాని నేల చెక్కల్లోని రంధ్రాలు పారిపోయి వచ్చి కింద దాగినవారికి గాలి ఆడడానికేనని సంఘ సభ్యులు చెబుతారు. ఈ రెండింటికీ ఇన్ ఖాళీ చేసే రోజును కేటాయించుకోవడం అనువుగా ఉంటుంది. గది తాళం పదకొండు గంటల ప్రాంతంలో ఇచ్చేసినా సామాను సాయంత్రం దాకా ఉంచమంటే చాలా ఇన్‌లు కాదనవు. ఊళ్లో ఉచితంగా తిరిగే డాట్ బస్సు ఎక్కవచ్చు. గది శుభ్రం చేసినవారి కోసం బల్ల మీద కొన్ని డాలర్లు విడిగా పెట్టి, మూడు గంటలకల్లా ఐ-16 ఎక్కితే సాధారణ రద్దీలో రాత్రి భోజనం వేళకు అట్లాంటా చేరుకోవచ్చు.