మహమ్మారి వేళ పనిచోటు భద్రత: కార్మికుల అంచనాను కొలవడం
మూడవ పాఠం: ప్రశ్న రాయడం

గత పాఠంలో కొలవవలసిన నాలుగు అంశాలను విడదీసుకున్నాం: యాజమాన్యం శ్రద్ధ, మాస్కులూ సబ్బుల అందుబాటు, తోటివారి నడవడి, ఒంట్లో బాగాలేదని చెప్పుకునే స్వేచ్ఛ. ఇక ప్రశ్నలు రాద్దాం. ఉదాహరణ పాతదే: వరంగల్ శివార్లలోని ఒక పత్తి జిన్నింగ్ మిల్లు (గింజ నుంచి దూదిని వేరుచేసే మిల్లు), 2020 దసరా తర్వాతి సీజన్.

కొత్తగా రాసేవారికి ముందు తోచే ప్రశ్న, 'మీరు పనిలో మాస్కు కట్టుకుంటున్నారా?' జిన్నింగ్ మిల్లులో ఇది పనికిరాదు. దూది ధూళి ముక్కులోకి పోకుండా తువ్వాలు చుట్టుకోవడం అక్కడ కరోనాకు ముందు నుంచీ ఉన్నదే. వచ్చిన 'అవును' ధూళి గురించో, వైరస్ గురించో తేల్చలేం. పైగా అది కార్మికుడి అలవాటును అడిగింది. పనిచోటుపై అతని అంచనాను అడగలేదు. ఇలా మార్చండి: 'గేటు దగ్గర హాజరు వరుసలో నా తోటివారు మాస్కు పెట్టుకునే నిలబడతారు.' అక్కడ ధూళి ఉండదు కనుక మాస్కు దేనికోసమో స్పష్టం.

గమనించారా, ప్రశ్న కాస్తా వాక్యమైంది. దానికి 'అస్సలు ఒప్పుకోను' (1) నుంచి 'పూర్తిగా ఒప్పుకుంటాను' (5) వరకు ఐదు జవాబులు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన ఈ పద్ధతే నేటికీ వాడుకలో ఉంది.

ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. 'సబ్బు, మాస్కులు సమయానికి ఇస్తారు' అంటే, సబ్బు ఉండి మాస్కు అందనివాడు ఏ అంకె వేయాలి?

నాలుగో అంశం దగ్గర ఎక్కువసేపు ఆగండి. 'జ్వరం వస్తే సెలవు పెట్టవచ్చు' అన్న వాక్యానికి నిబంధన తెలిసిన ప్రతివాడూ తలూపుతాడు. రోజుకూలీకి అసలు భయం వేరే ఉంది: 'జ్వరమని ఇంట్లో ఉండిపోతే నా కూలి పోతుంది.' పనిచోటు భద్రతపై పరిశోధించిన డోవ్ జోహార్, ఇజ్రాయెల్‌లో 20 పరిశ్రమల కార్మికులపై జరిపి 1980లో ప్రచురించిన అధ్యయనంలో, భద్రతకు యాజమాన్యం ఇచ్చే విలువపై కార్మికుల అంచనా కీలకంగా తేలింది. పని ఒత్తిడి పెరిగిన రోజునే ఆ విలువ బయటపడుతుందని నా అభిప్రాయం. అందుకే మొదటి అంశానికి ఇదీ చేర్చండి: 'పత్తి లారీలు వరుస కట్టిన రోజున దూరం పాటించమని ఎవరూ చెప్పరు.'

కూలి గురించి, లారీల గురించి రాసిన ఈ రెండూ తిరగేసిన వాక్యాలు: ఒప్పుకునేకొద్దీ భద్రత తక్కువని అర్థం. వీటికి వచ్చిన అంకెను 6 నుంచి తీసివేయాలి: 5 వేస్తే 1, 4 వేస్తే 2. చదవకుండా అన్నిటికీ 5 వేసుకుంటూ పోయినవారూ వీటి దగ్గర దొరుకుతారు.

పత్రాలను సూపర్‌వైజర్ చేత పంచవద్దు, పేరు అడగవద్దు. ఒక షిఫ్టులో ముగ్గురే మహిళలుంటే, షిఫ్టు, స్త్రీ/పురుషుడు అన్న రెండు గడులు చాలు వారిని గుర్తుపట్టడానికి. కూలి పోతుందన్న భయాన్ని మనతో చెప్పుకున్న మనిషికి ఆ మాట వల్లే కూలి పోయే పరిస్థితి తేకూడదు. చదవలేనివారికి మిల్లుతో సంబంధం లేని వ్యక్తి చదివి వినిపించాలి. బయటి రాష్ట్రాల కార్మికుల కోసం హిందీలో రాయిస్తే, దాన్ని మూలం చూడని మరొకరి చేత తిరిగి తెలుగులోకి రాయించి రెండూ పోల్చండి.

అభ్యాసం: నాలుగో అంశంపై మూడు వాక్యాలు రాయండి, ఒకటి తిరగేసినది. వేర్వేరు పనులు చేసే ఇద్దరికి చదివి వినిపించి, ఏం అర్థమైందో వారి మాటల్లోనే చెప్పమనండి. ఇద్దరూ వేర్వేరుగా చెబితే వాక్యాన్ని మార్చి రాయండి. ఆ కాగితం దగ్గర ఉంచుకోండి; నాలుగో పాఠంలో అంకెలు కూడేది ఆ వాక్యాలతోనే.