మాజీ సైనికుడి జీవితం పుస్తకంగా కూర్చాలంటే: వ్యాపకాలను చివరి వాక్యంలోకి నెట్టకండి

పెద్దాయన పోయాక ఇంట్లోవాళ్లు అచ్చు వేయించే జ్ఞాపిక దాదాపు ఒకే మూసలో ఉంటుంది. పుట్టిన తేదీ, సైన్యంలో చేరిన ఏడాది, పతకాలు, రిటైర్మెంటు, చివర్న "తోటపని, చదరంగం, రేడియో అంటే ఇష్టం" అని ఒక ముక్క. 19 ఏళ్లకి చేరి 37 ఏళ్లకి బయటికొచ్చి, 91 దాకా బతికిన మనిషికి యూనిఫాం విప్పాక ఇంకా 54 ఏళ్లున్నాయి. వాటికి ఒక ముక్క చాలదు. పైగా కాగితం మీద ఆధారాలు ఎక్కువగా దొరికేది కూడా ఆ ఏళ్లకే.

మొదటి వారం ఏదీ సర్దొద్దు. అలమారలు, సొరుగులు, పనిబల్ల ఎలా ఉన్నవి అలాగే ఫోటోలు తీసి, ప్రతి పెట్టెకీ ఒక నంబరు వేయండి. ఏ కాగితం ఏ డబ్బాలో, దేని పక్కన దొరికిందన్నదే చాలాసార్లు దాని తేదీని పట్టిస్తుంది. సాయం చేద్దామని వచ్చినవాళ్లు ముందు పారేసేవి రసీదులు, చిత్తు పుస్తకాలు, ఖాళీ విత్తనాల పొట్లాలు. మనకు కావాల్సినవి సరిగ్గా అవే. ట్రంకుపెట్టెలో తూటాలు, గ్రెనేడు, షెల్లు లాంటివి కనబడితే మాత్రం ఖాళీదే కదా అని ముట్టుకోవద్దు. గది మూసి పోలీసులకు ఫోన్ చేయండి.

తర్వాత పెద్ద కాగితం మీదో, స్ప్రెడ్‌షీట్‌లోనో ఏడాదికో వరుస గీయండి. నిలువు గళ్లు నాలుగు: ఎక్కడున్నారు, ఏ పని, ఏ వ్యాపకం, ఆధారం. నాలుగో గడి ఖాళీగా ఉంచొద్దు. "డిశ్చార్జి బుక్కు, 4వ పేజీ" అనో, "పెద్దకూతురు చెప్పింది" అనో పడాలి. నోటిమాటగా వచ్చింది పెన్సిల్‌తో, కాగితం దొరికింది పెన్నుతో రాసుకుంటే ఎక్కడ వెతకాలో చూడగానే తెలుస్తుంది.

సర్వీసు రికార్డుల కోసం దరఖాస్తు మొదటి రోజే పెట్టేయండి, జవాబుకు నెలలు పట్టొచ్చు. ఆఫీసులో ఎలాగూ ఉంటాయిలే అని ఇంట్లో కాపీలు వదులుకోవద్దు. 1973 జులైలో అమెరికాలోని సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రంలో మంటలు లేచి 1.6 నుంచి 1.8 కోట్ల సైనికుల ఫైళ్లు కాలిపోయాయి. ఆ తర్వాత చాలామందికి ఇంట్లో దాచిన డిశ్చార్జి కాగితమే దిక్కయింది. తేదీలు చదివేటప్పుడు ఆ దేశం పద్ధతి చూసుకోండి. 04/07/62 ఒకచోట జులై 4, ఇంకోచోట ఏప్రిల్ 7.

పతకాలను పాలిష్ పెట్టి రుద్దొద్దు, చెక్కిన గీతలు అరిగిపోతాయి. కొన్ని దేశాల పతకాల అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు ఉంటాయి, భూతద్దంతో చూడండి. ఆ ర్యాంకు రిటైరయ్యేనాటిది కాకపోవచ్చు, తేడా ఉందని కంగారుపడొద్దు. ఇంకో సంగతి. "యుద్ధంలో పోరాడారు" వేరు, "యుద్ధం జరిగినప్పుడు సర్వీసులో ఉన్నారు" వేరు. కాగితం రెండోదే చెబితే రెండోదే రాయాలి. ఆయన తోటివాళ్లు ఇంకా ఉన్నారు, చదువుతారు.

ఇక వ్యాపకాలు. హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో దూరప్రాంతాలవాళ్లతో మాట్లాడే వ్యాపకం) ఉన్న ఇంట్లో చెప్పుల డబ్బా నిండా క్యూఎస్ఎల్ కార్డులు దొరుకుతాయి. గాలిలో మాట్లాడుకున్న ఇద్దరు ఆ సంగతి ధ్రువపరుస్తూ పంపుకునే పోస్టుకార్డులివి. ఒకటి చేతిలోకి తీసుకోండి. పెద్దక్షరాల్లో ఉన్నది పంపినవాళ్ల కాల్ సైన్, అంటే రేడియోలో వాళ్లను గుర్తుపట్టే అక్షరాలూ అంకెలూ. దాని మొదటి అక్షరాలు దేశాన్ని చెబుతాయి: వీయూ అంటే ఇండియా, జేఏ అంటే జపాన్. కింది గడుల్లో తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, చివర సిగ్నల్ ఎలా అందిందో చెప్పే అంకెలు. 59 అని రెండే అంకెలుంటే గొంతుతో మాట్లాడారు. 599 అని మూడుంటే సాధారణంగా మోర్స్ కోడ్, అంటే చుక్కలు, గీతలతో పంపే సంకేతాలు. మూడో అంకె స్వరం శుభ్రతకు. అంటే ఆ రోజు పెద్దాయన వేళ్లు మోర్స్ కొట్టే కీ మీద ఉన్నాయి. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) ఉంటుంది కాబట్టి స్థానిక తేదీ ఒకరోజు అటూ ఇటూ కావచ్చు. సైన్యంలో సమాచారాలు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో పనిచేశారు గనక మోర్స్ అక్కడే నేర్చి ఉంటారని మాత్రం రాసేయకండి. లైసెన్సు తేదీ, సైన్యంలో చేరిన తేదీ పక్కపక్కన పెట్టి చూశాకే.

మిగతావాటిలోనూ ఇలాగే గుచ్చి చూడాలి. స్టాంపులను కవరు మీంచి ఊడదీయొద్దు, పోస్టుముద్రలోనే ఊరూ తేదీ ఉంటాయి. చదరంగం ఎత్తులు రాసిన కాగితాల్లో ప్రత్యర్థి పేరు దొరుకుతుంది, అతన్ని వెతకొచ్చు. వడ్రంగం చేసినవాళ్లు సొరుగు అడుగున, బల్ల వెనక పెన్సిల్‌తో కొలతలు, తేదీ రాసుకుంటారు. తిరగేసి చూడండి.

పాత ఫోటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే అచ్చులో రెండింతల సైజు దాకా సాగుతాయి. 35 ఎం.ఎం. నెగెటివ్‌కు కనీసం 2400 కావాలి, అప్పుడు 300 డీపీఐ అచ్చులో దాదాపు 11 అంగుళాల వెడల్పు వస్తుంది. అసలు ఫైలు టిఫ్‌లో దాచి, పంచుకోవడానికి జేపెగ్ చేసుకోండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫోటోను గోరుతో లాగితే మధ్యకి విరుగుతుంది. పళ్లు శుభ్రం చేసుకునే సన్నదారాన్ని ఫోటో వెనక రంపంలా అటూ ఇటూ ఆడించండి. అప్పటికీ రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయడమే మంచిది. ఫోటో వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిలే. బాల్‌పెన్ ఒత్తు ముందువైపు తేలుతుంది. ఫిల్ము డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్ము పాడవుతున్నట్టు. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి, ముందు దాన్నే స్కాన్‌కి పంపండి.

గొంతు ఉన్న క్యాసెట్ దొరికితే ప్లే చేసేముందు పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకుల్ని విరిచేయండి. పొరపాటున రికార్డు నొక్కినా చెరిగిపోదు. ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు వినండి. శబ్దం మరీ మందంగా వస్తే లోపలి ఫెల్ట్ ముక్క ఊడి ఉంటుంది, టేపును ఇంకో క్యాసెట్ డబ్బాలోకి మార్చాలి. కంప్యూటర్‌లోకి ఎక్కించే కాపీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ సెట్టింగుల్లో, వేవ్ ఫైలుగా ఉండాలి.

స్నేహితులను "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచివారు" అని ఊరుకుంటారు. ఉలి చేతికిచ్చి "పిడి ఒక్కవైపే ఎందుకరిగింది?" అనండి. ఫ్యాన్ ఆపి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రికార్డర్‌ను నోటికి జానెడు దూరంలో ఉంచండి. పెద్దవాళ్లతో నలభై నిమిషాలకు మించి సాగదీయొద్దు.

రాసేటప్పుడు ఏళ్ల వరుస వెనక అనుబంధంగా పెట్టి, అధ్యాయాలను వ్యాపకాల పేర్లతో విడగొట్టండి. సైన్యం వాటిలో ఒక అధ్యాయం. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగుతో భాగించబడాలి, లేకపోతే చివర ఖాళీ పేజీలు మిగులుతాయి. ప్రూఫు ఇద్దరికివ్వండి: యూనిట్‌లో తోటివాడు ఒకరు, వ్యాపకంలో తోటివాడు ఒకరు. ఉలిని సుత్తి అని రాస్తే ఇంట్లోవాళ్లకి తెలియదు, రెండో ఆయన ఊరుకోడు.

ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతిలో సర్వీసు నంబరు, పెన్షన్ నంబరు, పూర్తి పుట్టిన తేదీ, డిశ్చార్జి కాగితం బొమ్మ ఉండకూడదు. పనిముట్లు, స్టాంపులు పంచిపెట్టేముందు ఒక్కోదాన్ని ఫోటో తీసి, ఎవరికి వెళ్లిందో నాలుగో గడిలో రాయండి. రేడియోలో ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాసుకున్న లాగ్‌బుక్కు, క్యూఎస్ఎల్ కార్డుల డబ్బా మాత్రం విడదీయకుండా ఒకరికే ఇవ్వండి. పేజీ ఒకచోట, కార్డు ఇంకోచోట ఉంటే తేదీలు మళ్లీ సరిచూడటం కుదరదు.