ఇండియా నుంచి దత్తత: ఎదురుచూసే నెలల్లో ఏం చేయాలి

అమెరికాలో ఉంటూ ఇండియా నుంచి బిడ్డను దత్తత తీసుకుందామనుకునే మనవాళ్ళు అన్నిటికన్నా ముందు పౌరసత్వం సంగతి చూసుకోండి. భార్యాభర్తల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి, గ్రీన్ కార్డు మీదో హెచ్1బీ మీదో ఉన్నవాళ్ళకి ఐ-800ఏ (విదేశీ బిడ్డను దత్తత తీసుకోవడానికి మీరు అర్హులేనని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర వేసే మొదటి దరఖాస్తు) వేసే వీలు లేదు. ఈ సంగతి తెలియక హోమ్ స్టడీకి (సోషల్ వర్కర్ ఇంటికొచ్చి మీ గురించి రాసే నివేదికకి) డబ్బు కట్టేసి, ఆ తర్వాత నెత్తి పట్టుకున్నవాళ్ళు మా స్నేహితుల్లోనే ఉన్నారు.

ఆ గండం దాటాక ఇక ఎదురుచూపే. మాకు రెండేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది. మీరు చేసేదేమీ లేదని దత్తత ఏజెన్సీ వాళ్ళంటారు గానీ నమ్మకండి, మీరు ఖాళీగా కూర్చున్నా కాగితాల గడువు మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. ఐ-800ఏ అప్రూవల్ చెల్లేది 15 నెలలే, అదీ ఉత్తరం మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, మీ వేలిముద్రల మీద ఎఫ్‌బీఐ జవాబు ఇమిగ్రేషన్ వాళ్ళకి అందిన రోజు నుంచి లెక్క. అందుకే నోటీసు మీదున్న ఆఖరి తేదీని పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. పొడిగింపు అడగాలంటే హోమ్ స్టడీ కూడా కొత్తగా సరిచేయించాలి, కాబట్టి నాలుగు నెలల ముందే సోషల్ వర్కర్‌కి ఫోన్ చేయండి. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, ఆఖరికి ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తున్నా ఆవిడ చెవిన వేయడం మంచిది.

కారా (దత్తతలు చూసే ఇండియా ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో మీ వరుస నంబరు రోజూ చూడకండి. నేను రాత్రి పన్నెండింటికి లేచి మరీ చూసేదాన్ని, అది ఒక్క అంకె కదలకపోతే మర్నాడు ఆఫీసులో ఎవరి మీద విసుక్కున్నానో నాకే తెలిసేది కాదు. చుట్టాలకి కూడా నెలకోసారి ఒక వాయిస్ మెసేజ్ చాలు. ఆ పని మా ఆడపడుచు నెత్తిన వేసుకుంది, లేకపోతే ఫోన్ చేసినప్పుడల్లా మా అత్తయ్య "ఏమ్మా, కబురేమైనా వచ్చిందా" అంటుంటే ఏం చెప్పాలో తోచేది కాదు. ఇంకో రకం సలహా కూడా తప్పకుండా వస్తుంది: ఫలానా ఆసుపత్రిలో పాప ఉందట, ఎందుకీ తిప్పలు, నేరుగా తెచ్చేసుకోండి అని. అది చట్టప్రకారం నేరం. పైగా ఆ బిడ్డకి వీసా కూడా రాదు.

పిల్లల డాక్టర్‌ని ఇప్పుడే వెతికి పెట్టుకోండి. బిడ్డ వివరాలు, వైద్య నివేదిక చేతికొచ్చాక మీకు ఆలోచించుకునే టైమ్ చాలా తక్కువ, ఆ టెన్షన్‌లో డాక్టర్ కోసం తిరగలేరు. బరువు, ఎత్తు, తల చుట్టుకొలత చూసి దత్తత పిల్లల సంగతి తెలిసిన డాక్టర్ చెప్పే మాట వేరు, గూగుల్ చెప్పేది వేరు.

బిడ్డను ఒప్పుకున్నాక వచ్చే రెండో ఎదురుచూపు మొదటిదానికన్నా కష్టం, ఎందుకంటే ఇప్పుడు మీకు ఆ బిడ్డ ముఖం తెలుసు. ఐ-800 (ఆ బిడ్డ పేరు మీద వేసే దరఖాస్తు), దత్తత ముందుకు సాగవచ్చని అమెరికా ఎంబసీ ఇచ్చే ఆర్టికల్ 5 ఉత్తరం, కారా ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వు (2022 సెప్టెంబర్ నుంచి కోర్టు బదులు వాళ్ళే ఇస్తున్నారు), పాస్‌పోర్టు, వీసా. ఈ వరుస తప్పకూడదు, తొందరపడి ఐ-800కి ముందే ఉత్తర్వు తెచ్చుకుంటే అమెరికా వైపు కేసు చిక్కుల్లో పడుతుంది.

మా అమ్మాయిది ఒడిశా. ఈ నెలల్లో నేను ఒడియా మాటలు ఓ ఇరవై నేర్చుకున్నాను: పాణి అంటే నీళ్ళు, భోక అంటే ఆకలి. పఖాళ అంటే దాదాపు మన చద్దన్నమే అని తెలిసి మా అమ్మ ఎంత సంబరపడిందో! మీ బిడ్డ ఏ రాష్ట్రమైతే ఆ భాషలో కనీసం ఆకలి, నిద్ర, నొప్పి, బాత్రూమ్ అనే నాలుగు మాటలు నోటికి రావాలి. ఏం తింటుంది, ఎవరి పక్కన పడుకుంటుంది అని ఏజెన్సీ ద్వారా అడిగించండి, జవాబు వచ్చినా రాకపోయినా అడగడం మానకండి.

బట్టలు మాత్రం ఇప్పుడే కొనకండి. నేను ఆగలేక రెండేళ్ళ సైజులు కొని అల్మరా నింపాను. తీరా వచ్చేసరికి దానికి మూడున్నరేళ్ళు, ఏదో అదృష్టం కొద్దీ ఆ బట్టలే సరిపోయాయి, పిల్ల అంత చిన్నగా ఉంది మరి. మాకు ముందే వచ్చిన ఫోటోలో దాని చేతిలో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. ఆ ఫోటో నేను కొన్ని వందలసార్లు చూసి ఉంటాను, అయినా గ్లాసు సంగతి తట్టక రంగురంగుల సిప్పీ కప్పులు కొనుక్కెళ్ళాను. భువనేశ్వర్ హోటల్లో ఒక్కటీ ముట్టలేదు. చివరికి మా ఆయన కిందికెళ్ళి పక్క కొట్లో స్టీలు గ్లాసు కొనుక్కొచ్చాడు. మీరు పెట్టె సర్దేటప్పుడు ఒకటి వేసుకోండి.