డిక్రీ వచ్చిన తరువాత వడ్డీ, వసూలు ఖర్చుల లెక్క

ప్రోనోటు దావాలో తీర్పు వెలువడిన నాటి నుంచి బాకీ లెక్క డిక్రీ (ఎవరు ఎవరికి ఎంత చెల్లించాలో చెప్పే కోర్టు ఉత్తర్వు) ప్రకారమే నడుస్తుంది కనుక, అప్పిచ్చినవారైనా తీసుకున్నవారైనా ముందుగా కోర్టులో నకలు దరఖాస్తు పెట్టి డిక్రీ ధ్రువీకృత నకలు తీసుకోవాలి. అందులో అసలు, వడ్డీ రేట్లు, వాటి తేదీలు, చివర ఖర్చుల పట్టిక ఉంటాయి.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ సెక్షన్ వడ్డీని మూడు కాలాలుగా చూస్తుంది. దావా వేసేదాకా సాధారణంగా ఒప్పందపు రేటు, దావా నుంచి డిక్రీ దాకా కోర్టు సబబని తలచిన రేటు, డిక్రీ తరువాత అసలు మీద ఏడాదికి 6 శాతానికి మించని రేటు వర్తిస్తాయి. వ్యాపార లావాదేవీ అయితే చివరి కాలానికి ఒప్పందపు రేటు దాకా ఇవ్వవచ్చు. డిక్రీ తరువాతి వడ్డీ గురించి డిక్రీలో ఏమీ రాయకపోతే కోర్టు దానిని నిరాకరించినట్లే భావించాలి; దానికోసం మరో దావా చెల్లదు.

ఉదాహరణకు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, 2,00,000 రూపాయలు ఇచ్చి రెండేళ్లకు దావా వేశారనుకుందాం. అప్పటికి వడ్డీ 96,000. దావా మూడేళ్లు నడిచి 12 శాతం ఇస్తే 72,000, ఖర్చులు 25,000 కలిసి డిక్రీ నాటికి 3,93,000 అవుతుంది. అక్కడి నుంచి 6 శాతం లెక్కన నెలకు పెరిగేది 1,000 రూపాయలే. మొత్తం 3,93,000 మీద రెండు రూపాయల వడ్డీ కట్టి అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు గాని, ఆ లెక్కకు చట్టంలో ఆధారం లేదు. బ్యాంకు అప్పుల్లో మాత్రం, ఒప్పందం ప్రకారం దావాకు ముందే అసలులో కలిపిన వడ్డీ కూడా అసలుగానే లెక్కకు వస్తుందని 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

వసూలుకు ఈపీ (డిక్రీని అమలు చేయమని కోర్టులో వేసే పిటిషన్) వేసినప్పుడు అయ్యే కోర్టు ఫీజు, బత్తా (నోటీసులు అందజేయడానికి కట్టే రుసుము), జప్తు, వేలం ప్రకటన ఖర్చులలో కోర్టు మంజూరు చేసినవే బాకీలో కలుస్తాయి. వసూలు మనుషులకు ఇచ్చిన కమీషన్‌ను డిక్రీ బాకీలో చేర్చడానికి వీలులేదు.

కొంత కొంతగా కట్టేవారు గమనించవలసినది, డిక్రీలో గాని ఇరువురి ఒప్పందంలో గాని మరో విధంగా లేకపోతే జమ ముందు వడ్డీకి, ఖర్చులకు పోయి చివరికే అసలుకు చేరుతుందని. పై ఉదాహరణలో రెండేళ్ల తరువాత లక్ష కట్టినా అసలు తగ్గదు, నెలకు వెయ్యి పెరుగుతూనే ఉంటుంది. మొత్తం బాకీని కోర్టులో జమచేసి నోటీసు ఇస్తే, అది డిక్రీదారుకు, అంటే డిక్రీ పొందిన అప్పిచ్చినవారికి, అందిన నాటి నుంచి వడ్డీ ఆగుతుంది. పెద్దమనుషుల ఎదుట చేతికిచ్చిన డబ్బును, కోర్టులో నమోదు కాకపోతే, ఈపీ విచారించే న్యాయమూర్తి లెక్కలోకి తీసుకోరు. కాబట్టి రాతపూర్వక రసీదు తీసుకుని, డిక్రీదారు తానుగా నమోదు చేయించకపోతే, చెల్లించిన 30 రోజుల్లోగా బాకీదారే దరఖాస్తు పెట్టుకోవాలి.