పిల్లల యాంటీబయాటిక్ పొడి సీసా: నీళ్లు ఎలా కలపాలి, ఎందుకలా

పిల్లలకి డాక్టర్ అమాక్సిసిలిన్ రాస్తే మెడికల్ షాపులో పొడి ఉన్న సీసా చేతిలో పెడతారు, నీళ్లు మనమే కలుపుకోవాలి. చాలా ఇళ్లల్లో తడబడేది ఇక్కడే.

ముందు మూత తీయకుండా సీసాని బోర్లించి అరచేతికేసి తట్టండి, అడుగున గడ్డకట్టిన పొడి విడిపోవాలి. బాక్సులో నీళ్ల సీసా ఇస్తే అదే వాడండి, లేకపోతే కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు. వేడివి వద్దే వద్దు. లేబుల్ మీద గీతో బాణం గుర్తో ఉంటుంది. మొదట అందులో సగం దాకా పోసి గట్టిగా కుదపండి, నురగ తగ్గాక గీత దాకా నింపి మళ్లీ కుదపండి. ఒకేసారి పోసేస్తే పొడి అడుగున ముద్దలా ఉండిపోయి మొదట్లో డోసు తక్కువ, చివర్లో ఎక్కువ పడుతుంది.

కంపెనీవాళ్లే కలిపి ఇవ్వచ్చుగా అంటే, కుదరదు. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందుల్లో బీటా లాక్టమ్ అని నాలుగు పరమాణువుల చిన్న వలయం ఉంటుంది, అసలు పని దానిదే. బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోవడానికి వాడే ఎంజైముని అది పట్టుకుని వదలదు, దాంతో గోడ బలహీనపడి లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. మన కణాలకి ఆ గోడే లేదు. కానీ నీళ్లు తగిలితే ఆ వలయం మెల్లగా తెగిపోతుంది. 1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో బూజు చుట్టూ బ్యాక్టీరియా చావడం చూసి పెన్సిలిన్‌ని కనిపెట్టిన ఫ్లెమింగ్‌కి కూడా ఇదే తంటా, ఆ బూజు రసం నిలవ ఉండదు, శుద్ధి చేయడం కుదరదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ అనే శాస్త్రవేత్తలు దాన్ని చల్లగా ఉంచుతూ శుద్ధి చేసి పొడిగా మార్చాకే 1940లో ఎలుకల మీద పరీక్షించగలిగారు. పెన్సిలిన్‌కి ఇచ్చిన 1945 నోబెల్‌లో హీట్లీ పేరు లేకపోవడం నన్నడిగితే అన్యాయమే.

నీళ్లు తగిలాక మందు నిలవ ఉండదు కాబట్టే కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి, కలిపింది సాధారణంగా 7 రోజులే వాడాలి, లేబుల్ ఎంత చెబితే అంత. 10 రోజుల కోర్సైతే రెండో సీసా మొదటిది అయిపోయాకే కలపండి. క్లావులనిక్ యాసిడ్ ఉన్న రకమైతే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. కొన్ని బ్యాక్టీరియా ఆ వలయాన్నే తెంపే ఎంజైము తయారుచేస్తాయి, దానికి అడ్డుపడటానికే ఈ యాసిడ్.

ఇచ్చే ముందు ప్రతిసారీ కుదిపి, వంటింటి చెంచాతో కాకుండా ఎంఎల్ గీతలున్న మూతతోనో సిరంజితోనో కొలవండి. మిగిలింది వచ్చే జలుబుకి పనికొస్తుందని దాచకండి, జలుబు తెచ్చేది వైరస్, దానికి పగలగొట్టడానికి ఆ గోడే ఉండదు. దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం కనిపిస్తే మాత్రం తర్వాతి డోసు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.