రాజమండ్రి ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఒక్క రోజులో ఊరు చూడాలంటే

మధురపూడిలో ఫ్లైట్ దిగితే ఊరు పక్కనే ఉంటుందనుకోకండి, సిటీలోకి 15 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఆటో అయినా కారైనా ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి, వీలైతే రోజంతటికీ ఒకే బండి పెట్టుకోండి, బ్యాగులు మోసుకుని తిరిగే బాధ తప్పుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే నేరుగా పుష్కర ఘాట్‌కి పోయి మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోటోలు దిగి వచ్చేస్తారు. అలా చెయ్యొద్దండి, మన ఊరు గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పొద్దు కుంకేది ఏటి అవతల, కొవ్వూరు వైపు, అందుకే గట్టుని సాయంత్రానికి ఉంచుకోండి.

పొద్దున్నే ముందు ధవళేశ్వరం వెళ్ళిపోండి. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశారు, ఇప్పుడు మీరు చూసే బ్యారేజీ మాత్రం ఆ తర్వాత కట్టింది, ఈ తేడా తెలిసి చూస్తే బాగుంటుంది. అంతకుముందు ఈ డెల్టా కరువులతోనూ వరదలతోనూ అల్లాడిపోయేది, అందుకే ఇక్కడి జనం ఆయన్ని భగీరథుడు అంటారు. పక్కనే కాటన్ మ్యూజియం ఉంది, అదీ చూసుకుని రండి.

ఎండ ముదిరేసరికి సిటీలోకి వచ్చి కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి వెళ్ళండి. 1881 డిసెంబర్ 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే, ఊరంతా ఎదురు తిరిగినా వెనక్కి తగ్గలేదు. పిల్లలుంటే వాళ్ళకి అక్కడే నిలబెట్టి చెప్పండి, పుస్తకంలో చదివినదానికన్నా బాగా గుర్తుంటుంది.

ఆ తర్వాత దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ, దీన్ని మాత్రం వదలొద్దు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర కుర్రాడైన రామారావు చెయ్యి చూసి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కి పంపించారు. 1925లో మశూచి వచ్చి రామారావు గారు 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. హడావిడిగా ఒక చుట్టు తిరిగి వచ్చేయకండి, ఒక్క బొమ్మ ముందన్నా అయిదు నిమిషాలు ఆగండి, ఆ గీత ఎంత మెత్తగా పోతుందో అప్పుడు తెలుస్తుంది. సెలవు ఏ రోజో, టైమింగ్స్ ఏంటో ముందే కనుక్కుని బయల్దేరండి, తలుపు తాళం చూసి తిరిగొస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మధ్యలో దాహమేస్తే మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగండి, అది తాగకపోతే రాజమండ్రి వచ్చినట్టే కాదు.

నాలుగున్నర దాటాక గట్టుకి రండి. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా హేవలాక్ బ్రిడ్జి, 1900 నుంచి 1997 దాకా రైళ్ళు మోసిన పాత వంతెన, దాని పక్కనే కాంక్రీటు ఆర్చ్ బ్రిడ్జి. పాత వంతెన దిమ్మల్ని ఒకసారి పరీక్షగా చూడండి, రాయి మీద రాయి పేర్చి కట్టినవి, వందేళ్ళు దాటినా వరద మీద వరద వచ్చినా అలాగే నిలబడున్నాయి. ఈలోపు ఆర్చ్ బ్రిడ్జి మీద ఒక రైలొస్తుంది, ఆ చప్పుడు నీళ్ళ మీదుగా మనదాకా వస్తుంది, కిటికీల్లోంచి ఎవరో ఒకరు గోదారమ్మకి దణ్ణం పెట్టి చిల్లర డబ్బులు విసురుతూనే ఉంటారు.

రాత్రికే రిటర్న్ ఫ్లైటయితే సూర్యుడు దిగిన వెంటనే లేవండి, ఊరు దాటడానికే టైం పడుతుంది. అలా కాకపోతే హారతి చూసుకునే వెళ్ళండి.